నెత్తుటి చుక్కలో జాతకం

రాత్రి పదకొండు దాటాక ఇంటినుండి ఫోను వస్తే గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకోవడం పరదేశంలో ఉన్న మనందరికీ అలవాటే. కిందటేడు శ్రావణమాసంలో అలాంటి ఫోనే ఒకటి వచ్చింది. చేసినది తెనాలి నుండి మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు.

"అన్నయ్యా, నాన్న రిపోర్టు వాట్సాప్‌లో పెట్టాను, చూశావా? ఎన్‌ఎల్‌ఆర్ తొమ్మిదిన్నర ఉంది. మూడు దాటితేనే మంచిది కాదని నెట్లో రాశారు. మరి తొమ్మిదిన్నరంటే... చెల్లి పెళ్ళి మాఘంలో పెట్టుకున్నాం కదా, కార్తీకంలోకి జరిపేద్దామా? అమ్మకింకా చెప్పలేదు."

అంతకు రెండు నెలల ముందు బాబాయికి కడుపులో కేన్సరు ఉందని తేలింది. ఇంకా కాలేయానికీ, ఊపిరితిత్తులకీ పాకలేదు. నాలుగు విడతలు కీమో ఇచ్చి, ఆపరేషను చేసి, ఆ తరవాత మరో నాలుగు విడతలు ఇస్తామని డాక్టరుగారు చెప్పారు. అప్పటికి రెండు విడతలయ్యాయి. తమ్ముడు పంపినది వీధి చివర లాబులో చేయించిన మామూలు సీబీపీ రిపోర్టు. అందులో అడుగున ఎన్‌ఎల్‌ఆర్ అని ఒక గడి, పక్కన నల్లగా 9.5 అన్న అంకె.

"కంగారు పడకు, చూసి చెప్తాను" అన్నాను. సాఫ్టువేరు వాణ్ణి కదా, అంకె కనిపిస్తే ఊరుకోలేను. తెల్లవారుజాము రెండింటిదాకా మేలుకుని పరిశోధన పత్రాలు ఓ పాతిక తిరగేశాను. వాటిలోని అంకెలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. చివరికి తేలినదేమిటంటే, ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్న వాళ్ళు తక్కువకాలం బతికారని దాదాపు అన్నిట్లోనూ ఉంది. మర్నాడు తమ్ముడికి ఫోను చేసి, "పెళ్ళి సంగతి కాస్త ఆలోచించుకోవలసిందేనేమోరా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకు సిగ్గుపడాలో చెప్పడానికే ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాను. కాని ఇది సగం వైద్యమైతే, సగం మనకి బాగా తెలిసిన డేటా వ్యవహారం. ఆ రెండో సగంలోనే నేను పప్పులో కాలేశాను.

రక్తంలో ఏం వెతుకుతారు?

కేన్సరు రోగి భవిష్యత్తు గురించి రక్తంలో వెతికే గుర్తులు ఉరమరగా మూడు రకాలు. మన వృత్తి భాషలో చెప్పుకుందాం. ఒక సర్వరు మీద దొంగ ప్రోగ్రాము ఏదో నడుస్తోందని మనకి అనుమానం వచ్చిందనుకోండి. ఏం చేస్తాం? ఒకటి, ఆ ప్రోగ్రాము తనంత తానుగా లాగ్ ఫైల్లో ఏమైనా రాస్తోందేమో చూస్తాం. రెండు, మెషీను మీద లోడు ఎంతుందో, ఫాను ఎంత జోరుగా తిరుగుతోందో చూస్తాం. మూడు, ఆ ప్రోగ్రాము కోడు ముక్కలు మెమరీలో ఎక్కడైనా దొరుకుతాయేమో గాలిస్తాం.

మొదటి రకం గుర్తులు కేన్సరు కణాలు తామే తయారుచేసి రక్తంలోకి వదిలేవి. వీటిలో పాతది సీఈఏ. దీన్ని 1965లో మాంట్రియాల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు కనిపెట్టారు. పెద్దపేగు కేన్సరులోనూ, గర్భస్థ శిశువు పేగుల్లోనూ కనిపించిన ప్రోటీను ఇది. తరవాత సీఏ 19-9, సీఏ 72-4 వచ్చాయి. కడుపు కేన్సరు అనగానే చాలా లాబుల్లో ఈ మూడూ కలిపి ఒక ప్యాకేజీగా చేసేస్తారు. కాని కడుపు కేన్సరు ఉన్న నూరుమందిని తీసుకుంటే, వీటిలో ఏ ఒక్కటైనా పెరిగి కనిపించేది ఇరవై, ముప్ఫై మందిలోనే. అంటే "మార్కరు నార్మల్‌గా ఉంది, కేన్సరు లేదు" అనుకోవడానికి వీల్లేదు. అటుపైన పొగతాగే వాళ్ళలో కేన్సరు లేకపోయినా సీఈఏ కాస్త పెరుగుతుంది. పైత్యనాళానికి ఏదైనా అడ్డుపడితే సీఏ 19-9 పెరుగుతుంది. ఇంకో విచిత్రం: నూటికి అయిదు నుండి పదిమందికి పుట్టుకతోనే సీఏ 19-9 తయారుచేసే శక్తి ఉండదు. వాళ్ళకి కేన్సరు ఎంత ముదిరినా ఈ అంకె పెరగదు. లాగింగ్ ఆపేసిన ప్రోగ్రాము లాగన్నమాట.

రెండో రకం గుర్తులు కేన్సరువి కావు, మన ఒంటివి. కేన్సరు గడ్డ "మానని పుండు" లాంటిదని 1986లో హెరాల్డ్ డ్వొరాక్ అనే శాస్త్రవేత్త రాశాడు. దెబ్బ తగిలినప్పుడు ఒళ్ళు ఎలా స్పందిస్తుందో, గడ్డ ఉన్నప్పుడూ అలాగే స్పందిస్తుంది. తేడా ఏమిటంటే, దెబ్బ మానితే ఆ హడావుడి ఆగుతుంది, ఇక్కడ ఆగదు. ఆ వాపు సంకేతాలు అందుకున్న కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీనుని ఎక్కువగా, అల్బుమిన్‌ని తక్కువగా తయారుచేస్తుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. కేన్సరుతో పోరాడగలిగే లింఫోసైట్స్ తగ్గుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్‌ఎల్‌ఆర్. న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్స్ 20 శాతం ఉంటే ఎన్‌ఎల్‌ఆర్ 3.5. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇది సాధారణంగా 1కీ 3కీ మధ్య ఉంటుంది.

ఈ కోవలోదే 1984లో జపానులో ఒనొడేరా బృందం ప్రకటించిన పోషణ సూచిక. డెసిలీటరుకి ఎన్ని గ్రాముల అల్బుమిన్ ఉందో దాన్ని పదితో గుణించాలి. మైక్రోలీటరు రక్తంలో ఉన్న లింఫోసైట్స్ సంఖ్యని 0.005తో గుణించి దానికి కలపాలి. మచ్చుకి అల్బుమిన్ 3.4, లింఫోసైట్స్ 1400 అయితే 34 కి 7 కలిపి 41. జీర్ణకోశానికి పెద్ద ఆపరేషను చేయించుకునే రోగి దాన్ని తట్టుకోగలడా లేదా అని ముందే అంచనా వేయడానికి వాళ్ళు దీన్ని తయారుచేశారు. 40 కి దిగితే కోసి కుట్టడం ప్రమాదమన్నారు. 2003లో గ్లాస్గో డాక్టర్లు సీఆర్‌పీ, అల్బుమిన్ రెండిటినీ కలిపి 0, 1, 2 అని మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. ఇవన్నీ చవక పరీక్షలు. ప్రతి రోగికీ ఎలాగూ చేసేవే. అందుకే వీటిమీద పత్రాలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. పాత రికార్డులు ఉన్న ఆసుపత్రి, ఒక స్టాటిస్టిక్స్ ప్యాకేజీ, ఒక వారాంతం ఉంటే చాలు, పత్రం తయారు.

మూడో రకం కొత్తది. కేన్సరు కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి వచ్చి పడతాయి. ఇవి ఎంతోసేపు నిలవవు. రెండు గంటలు తిరిగేలోగా సగానికి సగం మాయమైపోతాయి. కాబట్టి ఆపరేషను అయిన కొన్ని వారాలకి కూడా ఇవి దొరుకుతున్నాయంటే, ఒంట్లో ఎక్కడో వాటిని తయారుచేసే కణాలు ఇంకా ఉన్నాయనే అర్థం. దీని సంగతి మళ్ళీ చూద్దాం.

1.8 రెట్లు అంటే ఎంత?

నన్ను బోర్లా పడేసినది ఈ అంకె. 2014లో టెంపుల్‌టన్ బృందం రకరకాల గడ్డ కేన్సర్ల మీద వచ్చిన 100 అధ్యయనాలని, మొత్తం 40,559 మంది రోగుల వివరాలని, ఒకచోట కూర్చి లెక్క కట్టింది. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్న గుంపుకి హజార్డ్ రేషియో 1.81 అని తేలింది. అంటే ఏ క్షణంలో చూసినా, అప్పటికి బతికి ఉన్నవాళ్ళలో, ఎక్కువ ఎన్‌ఎల్‌ఆర్ గుంపుకి చావు ముప్పు తక్కువ ఎన్‌ఎల్‌ఆర్ గుంపు కంటె 1.8 రెట్లు ఉంటుందని. నలభై వేల మంది! ఇంత డేటా ఉన్నాక ఇక అనుమానం ఏముంది అనిపించింది నాకు.

కాని ఆ 1.8 ని బాబాయి పేరు పక్కన పెట్టే ముందు చిన్న లెక్క చేసి ఉండవలసింది. ఇప్పుడు చేద్దాం. లెక్క సులువు కోసం, తక్కువ ఎన్‌ఎల్‌ఆర్ ఉన్న నూరుమందిలో అయిదేళ్ళ తరవాత 60 మంది బతికి ఉన్నారనుకుందాం. హజార్డ్ రేషియో 1.8 అయితే రెండో నూరుమందిలో ఎంతమంది ఉంటారు? 0.6 ని 1.8 ఘాతానికి ఎత్తాలి. వచ్చేది 0.40. అంటే 40 మంది. అరవైకీ నలభైకీ తేడా తక్కువేమీ కాదు. ఇద్దరు డాక్టర్లు రెండు ఆసుపత్రుల ఫలితాలు పోల్చుకోవాలన్నా, ఒక కొత్త మందుని పరీక్షించడానికి సరిసమానమైన రెండు గుంపులు చేయాలన్నా ఈ తేడా పనికొస్తుంది.

ఇప్పుడు ఇదే అంకెతో జాతకం చెప్పి చూద్దాం. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్న వాళ్ళందరూ అయిదేళ్ళలో పోతారు, తక్కువున్న వాళ్ళందరూ ఉంటారు అని చెప్పేశాం. రెండో గుంపులో 60 మంది పోయారు, అక్కడ 60 ఒప్పు. మొదటి గుంపులో 60 మంది ఉన్నారు, అక్కడా 60 ఒప్పు. మొత్తం 200 మందిలో 120 మందికి మన మాట నిజమైంది. నూటికి అరవై. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా నూటికి యాభై నిజమయ్యేవి కదా! మన పనిలో ఎవరైనా నూటికి అరవైసార్లు సరైన జవాబు చెప్పే మోడలు తెచ్చి, దీని మీద ఆధారపడి ఇంట్లో పెళ్ళి ముహూర్తం మార్చుకోండి అంటే నవ్వి పంపించేస్తాం. నేను మాత్రం నలభై వేల మంది అన్న మాట విని తల ఊపాను.

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. డేటా పెరిగేకొద్దీ మనకి పెరిగేది సగటు మీద నమ్మకం. ఒక మనిషి విషయంలో అంచనా దానితో పాటు పెరగదు. 1.8 అన్న అంకె 1.7 కీ 2 కీ మధ్యే ఉంటుందని నలభై వేల మంది సాక్ష్యం చెబుతారు. బాబాయి ఏ గుంపులో, ఆ గుంపులో ఏ చివర ఉంటాడో వాళ్ళు చెప్పలేరు.

పరిణామశాస్త్రం మీద రాసిన స్టీఫెన్ జే గూల్డ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయనకి 1982లో కడుపు పొరలో వచ్చే అరుదైన కేన్సరు ఉందని చెప్పారు. లైబ్రరీకి వెళ్ళి చూస్తే, ఆ జబ్బు బయటపడ్డాక మీడియన్ ఆయుర్దాయం 8 నెలలని ఉంది. లెక్కలు తెలిసినవాడు కాబట్టి ఆయన ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. సగంమంది ఎనిమిది నెలల లోపు పోతే, మిగతా సగంమంది ఎంతకాలం ఉంటారు? గ్రాఫు ఎడమవైపు సున్నా దగ్గర ఆగిపోవాలి, కుడివైపు దానికి హద్దు లేదు. ఆ కుడితోక చాలా పొడుగు. తను ఆ తోకలో ఉండటానికి ఏయే కారణాలున్నాయో లెక్క వేసుకున్నాడు. 1985లో దీని మీద వ్యాసం రాశాడు. ఇంకో ఇరవై ఏళ్ళు బతికి 2002లో వేరే కేన్సరుతో పోయాడు. అందరూ గూల్డ్‌లు కారన్నది నిజమే. కాని మీడియన్ అన్నది ఎవరి గడువూ కాదన్నదీ నిజమే.

గీత ఎక్కడ గీయాలి?

తమ్ముడు "మూడు దాటితే మంచిది కాదు" అన్నాడు కదా. ఈ మూడు ఎక్కడిది? నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ గడి చూస్తే ఒకరు 2 అన్నారు, ఒకరు 2.5, ఒకరు 3, ఇంకొకరు 4, మరొకరు 5. అన్నీ మంచీ చెడూ విడదీసే గీతలే.

ఇది ఎలా జరుగుతుందో మనవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. మీ దగ్గర 300 మంది రోగుల వివరాలున్నాయి. గీతని 1.5 దగ్గర పెట్టి చూశారు, పెద్ద తేడా రాలేదు. 1.6, 1.7 అలా జరుపుకుంటూ వెళ్ళారు. ఎక్కడ రెండు గుంపులూ బాగా విడిపోయాయో అక్కడ ఆపి "ఇదే సరైన గీత" అన్నారు. తరవాత అదే 300 మంది మీద ఆ గీత ఎంత బాగా పనిచేస్తోందో చూపించారు. పనిచేయక ఏం చేస్తుంది? ప్రశ్నపత్రం దగ్గర పెట్టుకుని చదివిన పిల్లాడికి నూటికి నూరు వచ్చినట్టే ఇది. డగ్లస్ ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1994లోనే దీని మీద హెచ్చరిక చేశాడు. నూటికి అయిదుసార్లే పొరబడతామని అనుకుంటూ ఇలా గీతలు వెతికితే, నిజానికి అంతకు ఎన్నో రెట్లు పొరబడతామని లెక్క కట్టి చూపించాడు.

దీనికి తోడు, తేడా కనిపించని అధ్యయనాలు సొరుగుల్లోనే ఉండిపోతాయి. కనిపించినవి అచ్చవుతాయి. అచ్చయినవాటిని కూర్చి లెక్క కట్టినవాళ్ళకి కూడా ఆ సొరుగులు కనపడవు. ఈ రోగం ముదరడం చూసి 2005లో కేన్సరు మార్కర్ల మీద పత్రాలు ఎలా రాయాలో 20 అంశాలతో రిమార్క్ అని ఒక నియమావళి తెచ్చారు. గీత ఎలా ఎంచుకున్నారో చెప్పాలి, ఎంతమంది రోగుల్ని ఎందుకు వదిలేశారో చెప్పాలి, ఇలాంటివి. ఏ పత్రమైనా చదివేటప్పుడు నేనిప్పుడు చూసేది ఒక్కటే. ఒక ఆసుపత్రిలో గీసిన గీతని ఇంకో ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని రోగుల మీద పెట్టి చూశారా? చూడకపోతే ఆ పత్రాన్ని పక్కన పెట్టేస్తాను.

తొమ్మిదిన్నర ఎక్కడినుండి వచ్చింది?

ఇంతకీ బాబాయి ఎన్‌ఎల్‌ఆర్ కథ ఏమైంది? రెండు రోజుల తరవాత తమ్ముడు ఆ రిపోర్టు పట్టుకుని కేన్సరు డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాడు. ఆయన ఎన్‌ఎల్‌ఆర్ గడి వైపు చూడనేలేదట. మొత్తం తెల్లకణాలు 23,400 ఉండటం చూసి, "రక్తం ఎప్పుడు తీశారు? ఇంజెక్షను చేసిన తరవాతేనా?" అని అడిగారట.

సంగతేమిటంటే, కీమో ఇస్తే తెల్లకణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అవి పడిపోకుండా ఉండటానికి కీమో అయిన మర్నాడో ఆ మర్నాడో ఒక ఇంజెక్షను చేస్తారు. ఎముకల్లోని మూలుగుని తట్టి లేపి న్యూట్రోఫిల్స్‌ని కుప్పలు తెప్పలుగా తయారుచేయించడమే దాని పని. అదీ కాక వాంతులు కాకుండా, మందు పడకపోవడం లాంటివి రాకుండా కీమోతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు ఇస్తారు. అది కూడా న్యూట్రోఫిల్స్‌ని పెంచి లింఫోసైట్స్‌ని తగ్గిస్తుంది. బాబాయికి రెండూ ఇచ్చిన అయిదో రోజున రక్తం తీశారు. న్యూట్రోఫిల్స్ 86, లింఫోసైట్స్ 9. భాగిస్తే తొమ్మిదిన్నర. అది కేన్సరు పెట్టిన కేక కాదు, ఇంజెక్షను తన పని తాను చేసిందని చెప్పే రసీదు.

నేను చదివిన పాతిక పత్రాల్లోనూ దాదాపు అన్నిట్లో "వైద్యం మొదలుపెట్టక ముందు తీసిన రక్తం" అని రాసే ఉంది. చదివాను, దాటేశాను. ఇన్‌పుట్ ఎక్కడినుండి వచ్చిందో చూసుకోకుండా ఫార్ములాలో వేసేశాను. కొత్తగా చేరిన కుర్రాడు ఆ పని చేస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడి ఉండేవాణ్ణి.

మాట వరసకి మరో సంగతీ చెప్పాలి. ఎన్‌ఎల్‌ఆర్ ని పెంచడానికి కీమో కూడా అక్కరలేదు. జలుబు చేసి జ్వరం వచ్చినా, పన్ను చీము పట్టినా, ఒక రాత్రి ఆయాసానికి స్టెరాయిడు వేసినా పెరుగుతుంది. 2001లో స్లొవేకియాలో జహోరెత్స్ అనే డాక్టరు దీన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, ఐసీయూలో ఉన్న రోగుల ఒంటిమీద ఒత్తిడి ఎంతుందో కొలవడానికే తెచ్చాడు. ఫాను జోరుగా తిరుగుతోందంటే గది వేడిగా ఉన్నా కావచ్చు, మెషీను మీద ఇంకేదో పని నడుస్తున్నా కావచ్చు.

తమ్ముడు ఇల్లంతా వెతికి జూన్‌లో, అంటే కీమోకి ముందు, చేయించిన సీబీపీ పట్టుకున్నాడు. న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 25. ఎన్‌ఎల్‌ఆర్ 2.6. "మూడు లోపే అన్నయ్యా!" అని ఫోనులో గంతులేశాడు. నాకూ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తరవాత ఇద్దరం నిదానించి ఆలోచిస్తే అర్థమయింది. తొమ్మిదిన్నరకి ఏడవడం ఎంత తెలివితక్కువో రెండు పాయింటు ఆరుకి పండగ చేసుకోవడమూ అంతే. ఆ గుంపులో కూడా నూటికి నలభై మంది ఉండకపోవచ్చు కదా.

జాతకం వేరు, దారి వేరు

డాక్టర్లు మార్కర్లని రెండు జాతులుగా విడదీస్తారు. నెట్లో చదివేవాళ్ళు ఈ రెండిటినీ కలిపేస్తూ ఉంటారు. మొదటి జాతి, ఏ వైద్యం చేసినా రోగి పరిస్థితి ఉరమరగా ఎలా ఉండబోతోందో చెప్పేది. దీన్ని జాతకం అందాం. రెండో జాతి, ఫలానా మందు ఈ రోగికి పనిచేస్తుందో లేదో చెప్పేది. దీన్ని దారి చూపేది అందాం.

ఎన్‌ఎల్‌ఆర్, సీఈఏ వగైరాలు ప్రధానంగా జాతకం చెప్పేవే. దారి చూపేదానికి మంచి ఉదాహరణ హర్-2. కడుపు కేన్సరు రోగుల్లో అటూ ఇటూగా అయిదోవంతు మందికి గడ్డ కణాల మీద ఈ ప్రోటీను ఎక్కువగా ఉంటుంది. 2010లో ప్రచురించిన టోగా అనే పరీక్షలో, జబ్బు ముదిరిన హర్-2 రోగులకి కీమోతో పాటు ట్రస్టుజుమాబ్ అనే మందు చేర్చి ఇచ్చారు. మీడియన్ ఆయుర్దాయం 11.1 నెలల నుండి 13.8 నెలలకి పెరిగింది. హర్-2 లేనివాళ్ళకి ఆ మందు ఇవ్వరు. ఇక్కడ పరీక్ష ఫలితం చూసి డాక్టరు చేసే పని మారుతుంది. ఈ పరీక్ష రక్తం మీద కాదు, గడ్డ నుండి తీసిన ముక్క మీద చేస్తారు.

జాతకం ముందే తెలిస్తే మంచిదేగా, తొందరగా జాగ్రత్త పడొచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అండాశయ కేన్సరులో సీఏ 125 అనే మార్కరు ఉంది. జబ్బు తిరగబెట్టడానికి కొన్ని నెలల ముందే ఇది పెరుగుతుంది. అది పెరగగానే కీమో మొదలుపెడితే మంచిదా, లక్షణాలు కనిపించేదాకా ఆగితే మంచిదా అని 529 మంది స్త్రీలని రెండు గుంపులు చేసి చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. అంకె చూసి మొదలుపెట్టిన వాళ్ళకి కీమో 4.8 నెలలు ముందుగా అందింది. ఆయుర్దాయం మాత్రం ఒక గుంపులో 25.7 నెలలు, రెండో గుంపులో 27.1 నెలలు. తొందరపడిన వాళ్ళకి ఒరిగిందేమీ లేదు. పైపెచ్చు కీమో బాధలు నాలుగైదు నెలలు ముందే మొదలయ్యాయి.

అలాగని ఈ రంగంలో ఆశ లేదనుకోకండి. ఇందాక కోడు ముక్కలన్నాను కదా, ఆ డీఎన్‌ఏ పరీక్షతో 2022లో పెద్దపేగు కేన్సరులో ఒక చక్కటి పరీక్ష ఫలితం వచ్చింది. రెండో దశలో ఆపరేషను అయిన 455 మందిని తీసుకున్నారు. ఒక గుంపులో ఎప్పటిలాగే డాక్టర్లు తమ విచక్షణతో కీమో ఇచ్చారు. రెండో గుంపులో ఆపరేషను తరవాత రక్తంలో కేన్సరు డీఎన్‌ఏ దొరికిన వాళ్ళకే ఇచ్చారు. మొదటి గుంపులో 28 శాతం మందికి కీమో పడింది, రెండో గుంపులో 15 శాతానికే. రెండేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే: 92, 93 శాతం. అంటే ఆ రక్తపరీక్ష ఎంతోమందికి అక్కరలేని కీమో తప్పించింది. గమనించండి, ఇక్కడ పరిశోధకులు మార్కరు ఎంత బాగా జోస్యం చెబుతోందో కొలవలేదు. దాన్ని నమ్మి వైద్యం మార్చితే ఏమైందో కొలిచారు. కడుపు కేన్సరులో కూడా ఆపరేషను తరవాత ఈ డీఎన్‌ఏ దొరికితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే పెద్దపేగులో నిలిచిన లెక్క కడుపులో కూడా నిలుస్తుందని అనుకోకూడదు. కంపైలరు మారితే మళ్ళీ టెస్టు చేసుకోవలసిందే.

డాక్టరుని ఏమడగాలి?

ఇంటినుండి రిపోర్టు ఫోటోలు వచ్చినప్పుడు నేనిప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవను. డాక్టరుగారిని అడగమని ఈ కింది ప్రశ్నలు రాసి పంపిస్తాను.

ఒకటి, జబ్బు ఏ దశలో ఉంది? గడ్డ కడుపుగోడలోకి ఎంత లోతుకి వెళ్ళింది, ఎన్ని లింఫు గ్రంథులకి పాకింది, దూరపు అవయవాలకి చేరిందా అన్న మూడు సంగతుల ముందు ఏ రక్తపరీక్షా నిలవదు. ఆపరేషను అయ్యాక పెథాలజీ రిపోర్టులో ఎన్ని గ్రంథులు పరీక్షించారో చూడండి. కనీసం 16 ఉండాలంటారు. అయిదారే చూసి "పాకలేదు" అంటే, వెతకలేదు కాబట్టి దొరకలేదేమో.

రెండు, బయాప్సీ ముక్క మీద హర్-2, మైక్రోసాటిలైట్, పీడీ-ఎల్1, క్లాడిన్ 18.2 పరీక్షల్లో ఈ రోగికి ఏవి అవసరం? మందుల ఎంపికని మార్చేవి ఇవి.

మూడు, సీఈఏ లాంటివి వైద్యానికి ముందు పెరిగి ఉన్నాయా? పెరిగి ఉంటే ఆపరేషను తరవాత అవి దిగడం, మళ్ళీ ఎక్కడం చూడటానికి అర్థముంది. మొదటినుండీ నార్మల్‌గా ఉంటే తరవాత నార్మల్‌గా ఉండటం పెద్ద భరోసా కాదు. చేయించేటప్పుడు ఒకే లాబులో చేయించండి. ఒక కంపెనీ కిట్‌తో వచ్చిన సీఏ 19-9 ని ఇంకో కంపెనీ కిట్‌తో వచ్చినదానితో పోల్చకూడదు.

నాలుగు, బరువు ఎంత తగ్గారు, అల్బుమిన్ ఎంతుంది? ఈ జాతకాల లెక్కలన్నిటిలో ఇంట్లోవాళ్ళు చేయి పెట్టగలిగిన గడి ఇదొక్కటే. అల్బుమిన్ తిండితోనే పెరగదు, వాపు తగ్గాలి. అయినా ఆపరేషనుకి ముందు సరిగ్గా తినిపించి, బరువు తగ్గకుండా చూస్తే రోగి తట్టుకునే శక్తి పెరుగుతుంది. కడుపు పూర్తిగా తీసేస్తే ఆ తరవాత జన్మంతా బీ-12 ఇవ్వాలి. ఎప్పటినుండి ఇవ్వాలో అదీ అడగండి.

అయిదు, అన్నిటికన్నా ముఖ్యం: ఈ అంకె ఇంకోలా వస్తే మీరు చేసే వైద్యం మారుతుందా? మారుతుందంటే ఆ పరీక్ష తప్పకుండా చేయించండి. మారదంటే, ఆ డబ్బుతో నాలుగు రోజులు మంచి భోజనం పెట్టించండి.

పెళ్ళి ముహూర్తం మార్చలేదు. మార్చి ఉంటే కార్తీకంలో పెళ్ళి జరిగేనాటికి బాబాయి ఆపరేషను చేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉండేవాడు. మాఘంలో రెండు కీమో విడతల మధ్య వారంలో పెళ్ళి జరిగింది. నేనూ వెళ్ళాను. బాబాయి సగానికి సగం చిక్కిపోయాడు, పట్టుపంచె నడుముకి నిలవక బెల్టు పెట్టారు. కాళ్ళు కడిగి కన్యాదానం చేసి లేచేటప్పుడు మాత్రం తమ్ముడి చేయి పట్టుకున్నాడు.

భోజనాల దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్ అబ్బాయ్, నా జాతకం కంప్యూటర్లో వేశావటగా? ఏమొచ్చిందేం?" అన్నాడు.

"తనకి తెలియదంది బాబాయ్."

"ఆ మాత్రం మీ పిన్ని కూడా చెప్తుంది" అని విస్తట్లో బూరెని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినమన్నారట డాక్టరుగారు. అది నాలుగోసారి.